అన్నయ్య సగం బిగించిన బండి

మా అన్నయ్యకు పక్షవాతం వచ్చి మూడేళ్ళు దాటింది. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీల నుంచి ఇరవై రెండేళ్ళు లారీ తోలిన మనిషి. వానాకాలంలో ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ బ్రష్షు జారవిడిచాడు. తీసుకుందామని వంగి అక్కడే కూలబడ్డాడు. గుంటూరులో పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని ఇంటికి పంపించారు. కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది, చేతికర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచేవాడు. మొదట్లో ముద్దముద్దగా వచ్చిన మాట రెండు నెలల్లో సర్దుకుంది. ఎడమ చెయ్యి మాత్రం సర్దుకోలేదు. వేళ్ళు ముడుచుకునేవి గాని, ముడుచుకున్నవి తెరుచుకునేవి కావు.

మాచర్లలో అన్నయ్య ఇంటికి రెండు వీధుల అవతల మా ఇల్లు. నేను పక్క ఊళ్ళో హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. రోజూ బడి నుంచి వస్తూ అన్నయ్యను చూసి వెళ్ళేదాన్ని.

వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చేది. ఒక గిన్నెలోని శనగలు ఎడమచేత్తో ఒక్కొక్కటే తీసి ఇంకో గిన్నెలో వెయ్యమని చెప్పేది. అన్నయ్యకు ఆ పని పరమ చిరాకు.

"నేనేమన్నా కోడినా, గింజలేరుకోటానికి?" అని గిన్నె అవతలికి నెట్టేసేవాడు.

ఒకరోజు ఆ అమ్మాయి వెళ్ళిపోతూ గేటు దగ్గర నాతో, "మేడం, మొదటి ఏడాదిలో ఎంత వస్తే అంత. ఆ తర్వాత చానా కష్టమవుద్ది. శనగలే అవసరం లేదు. ఆయనకు ఇష్టమైన పని ఏదన్నా ఉంటే అది చేయించండి. వేళ్ళకు పని పడాలి, అంతే" అంది.

అన్నయ్యకు ఇష్టమైన పని ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. లారీ షెడ్డుకు వెళ్ళిందంటే మెకానిక్కుతో పాటు తనూ బండి కిందికి దూరేవాడు. తన కళ్ళ ముందు తప్ప ఒక్క బోల్టు కూడా తియ్యనిచ్చేవాడు కాదు. కానీ ఎడమ చెయ్యి లేవని మనిషిని ఏ బండి కింద పడుకోబెడతాం?

ఆ నెల్లోనే నరసరావుపేటలో సైన్స్ టీచర్లకు ట్రైనింగు పెట్టారు. చిలకలూరిపేట నుంచి వచ్చిన ఒక మాస్టారు తను సొంతంగా బిగించిన రిమోట్ కారు తెచ్చి చూపించాడు. ఎత్తుగా, పెద్ద పెద్ద టైర్లతో, మట్టిలో పరిగెత్తే బగ్గీ. షాపులో దొరికే బొమ్మలాంటిది కాదు. అన్నీ విడి భాగాలుగా పెట్టెలో వస్తాయి, పుస్తకం చూసుకుంటూ మనమే బిగించుకోవాలి. మొదటిసారి చేసేవాళ్ళకని సులువుగా ఉండే రకం కూడా ఉందని చెప్పాడు. దాన్ని తిరగేసి చూపిస్తే కింద నిజం బండికి ఉన్నట్టే గేర్లు, షాకబ్జర్లు. బస్సులో తిరిగి వస్తూ, రెంటచింతల దాటకముందే ఫోనులో ఆర్డరు పెట్టేశాను.

పెట్టె వచ్చిన ఆదివారం దాన్ని అన్నయ్య మంచం పక్కన నాపరాళ్ళ గచ్చు మీద విప్పాను.

"ఏందే ఇది?" అన్నాడు.

"బండి అన్నయ్యా. మనమే బిగించుకోవాలి."

"పిల్లల బొమ్మా?"

గేర్లున్న సంచీ చింపి పళ్ళెంలో పోశాను. గోరంత గేర్లు, ఆవగింజలంత బేరింగులు, అగ్గిపుల్లలంత ఇరుసులు. అన్నయ్య కుడిచేత్తో ఒక గేరు తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. ఇంకోటి తీశాడు. లేచి కూర్చుని మంచం దిగి, గోడకు ఆనుకుని నేలమీద చతికిలబడ్డాడు.

"ఏమే, డిఫరెన్షియల్ ఇచ్చాడే దీంట్లో. క్రౌను గేరు కూడా ఉంది."

"అదెందుకో తెలుసా?" అన్నాను, తెలియనట్టు.

"మలుపులో బయట చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెంటినీ ఒకటే వేగంతో తిప్పితే టైరు రాసుకుపోద్ది. ఇది రెంటికీ సర్దుబాటు చేస్తది." అరచెయ్యి వొంచి మలుపు తిప్పి చూపించాడు. పదిహేనేళ్ళుగా బోర్డు మీద బొమ్మ గీసి ఆ సంగతి చెబుతున్నాను. అంత తేలిగ్గా ఒక్కసారీ చెప్పలేకపోయాను.

అక్కడి నుంచి ప్రతి ఆదివారం అదే పని. ముక్కను ఎడమచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఇరికించుకోవాలి, కుడిచేత్తో స్క్రూ తిప్పాలి. ముక్క జారేది. స్క్రూ ఎగిరి నాపరాళ్ళ సందులో పడేది. వదిన చీపురు పట్టుకుని వచ్చి, "నా ఇల్లంతా మేకులు చల్లుతున్నారు అన్నాచెల్లెళ్ళు. రేపు నా కాల్లో దిగితే నన్నెవరు మొయ్యాలి?" అనేది. కానీ ఆ చీపురుతోనే జాగ్రత్తగా ఊడ్చి, దొరికిన స్క్రూలన్నీ ఏరి అన్నయ్య పళ్ళెంలో వేసేది.

ఒక్క గేరుబాక్సుకే నాలుగు ఆదివారాలు పట్టింది. ఆ నాలుగు వారాల్లో అన్నయ్య శనగల గిన్నె ముట్టుకోలేదు గాని, నేను లేని రోజుల్లో కూడా పళ్ళెం ముందేసుకుని కూర్చునేవాడని వదిన చెప్పింది. బిగించినవి విప్పి, మళ్ళీ బిగించేవాడట. ఫిజియోథెరపీ అమ్మాయి ఒకరోజు ఆయన చూపుడు వేలు పట్టుకుని చూసి, "అన్నా, ఈ వేలు తెరుచుకుంటంది. కొద్దిగానే, కానీ తెరుచుకుంటంది" అంది. వదిన కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. అన్నయ్య మాత్రం, "బేరింగు పట్టుకుంటే ఎందుకు తెరుచుకోదు" అన్నాడు, శనగలకు ఆ గొప్పతనం ఇవ్వడం ఇష్టం లేనట్టు.

అక్కడికి బాగానే ఉంది. చెడగొట్టింది నేను.

గేరుబాక్సు తర్వాత షాకబ్జర్లు. చిన్న గొట్టాల్లో నూనె పోసి, లోపలి గాలి బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఆగి, అప్పుడు మూత పెట్టాలి. అన్నయ్య ఒక గొట్టం నిలబెట్టుకుని బుడగల కోసం చూస్తూ కూర్చున్నాడు. నాకు కాలు నిలవలేదు. "చాల్లే అన్నయ్యా, మూత పెట్టెయ్యి" అన్నాను. "తొందరేంది? గాలుంటే బండి ఎగిరెగిరి పడుద్ది" అన్నాడు ఆయన.

ఆ తర్వాతి ఆదివారం ముందు చక్రాలను పట్టుకునే చేతుల్లాంటి ముక్కలు బిగించాలి. ఎడమవైపుది బిగించడానికి ఆయనకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. నేను ఫోను చూశాను, టీ తాగాను, మళ్ళీ ఫోను చూశాను. ఇంటి దగ్గర దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట ఉంది. కుడివైపుది ఆయన చేతిలోకి తీసుకున్నాడు. రెండుసార్లు జారింది. మూడోసారి వంగబోతుంటే, "ఇటియ్యి" అని నేనే తీసుకుని బిగించేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆయన నా చేతులవైపు చూస్తూ కూర్చున్నాడు.

"మిగతాది నేను ఇంటికి తీసుకెళ్ళి చేసుకొస్తాలే అన్నయ్యా. నీకెందుకు శ్రమ" అన్నాను.

వదిన గుమ్మంలో నుంచి, "ఉండనియ్ అమ్మాయ్, మెల్లగా ఆయనే చేసుకుంటాడు" అంది.

"ఇట్టా అయితే ఉగాదికి కూడా కాదు వదినా."

అన్నయ్య పళ్ళెంలో మిగిలిన స్క్రూలు ఒక చిన్న సంచీలో పోసి నాకు అందించాడు.

ఆయన శ్రమ చూడలేక తీసుకెళ్ళానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ బండి మీద నాకు మోజు పుట్టింది. అది పరిగెత్తగా చూడాలని ఆశ పుట్టింది. వేళ్ళకు పని కోసం తెచ్చిన వస్తువు, ఆరు వారాలు తిరిగేసరికి నా బండి అయిపోయింది.

రెండో శనివారం సెలవు కలిసి వచ్చింది. ఆ రెండు రోజుల్లో మోటారు, ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న యంత్రం, బ్యాటరీ, టైర్లు అన్నీ పెట్టేశాను. పైన కప్పే పల్చటి ప్లాస్టిక్ తొడుగుకు లోపలి వైపు నుంచి రంగు వెయ్యాలి. నాకు నచ్చిన నీలం వేశాను. అన్నయ్య ఇరవై రెండేళ్ళు తోలిన లారీలన్నీ నారింజ రంగు క్యాబిన్లవే. ఏ రంగు వెయ్యమంటావని ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. ఆ ఆలోచనే రాలేదు.

పూర్తయిన బండి తీసుకెళ్ళి మంచం మీద పెట్టాను. అన్నయ్య కుడిచేతి వేలితో చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"బాగుంది" అన్నాడు. చక్రం ఇంకోసారి తిప్పి, "మోటారు పీనియను గేరు దగ్గర పళ్ళకు కాస్త సందు ఉంచావా? మరీ అంటుకుపోయి ఉండకూడదు" అన్నాడు.

"పుస్తకంలో ఉన్నట్టే చేశా అన్నయ్యా."

ఆయన బండిని నా వైపు జరిపాడు.

మిర్చి రావడం ఇంకా మొదలవని రోజులు. ఆ ఆదివారం సాయంత్రం మార్కెట్ యార్డు ఖాళీగా ఉంది. ఆటోలో అన్నయ్యను తీసుకెళ్ళి సిమెంటు అరుగు మీద కూర్చోబెట్టాను. నేను రిమోట్ పట్టుకుని మీట నొక్కగానే బండి దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయింది. నేను అరిచినంత పని చేశాను. నలభై రెండేళ్ళ టీచర్ని, యార్డంతా ఆ బండి వెనక పరిగెత్తాను.

"కీచుమంటంది అమ్మాయ్. పళ్ళు అంటుకున్నయ్" అన్నాడు అన్నయ్య అరుగు మీద నుంచి. వినిపించుకోలేదు. నెల తర్వాత విప్పి చూస్తే ఆ గేరు పళ్ళు సగం అరిగి ఉన్నాయి.

గేటు బయట లారీలు ఆగి ఉన్నాయి. టీ తాగుతున్న డ్రైవర్లు ఇద్దరు అన్నయ్యను గుర్తుపట్టి లోపలికి వచ్చారు. ఇద్దరూ ఆయనతో కలిసి ఏళ్ళ తరబడి సిమెంటు తోలినవాళ్ళే. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన్ను చూడటం వాళ్ళకు అదే మొదటిసారి.

"అన్నా, ఏందీ బండి? నువ్వే బిగించావా?" అన్నాడు ఒకాయన.

అన్నయ్య నా వైపు చూశాడు. "మా చెల్లెలు బిగించింది" అన్నాడు.

గేరుబాక్సు ఆయనదని, షాకబ్జర్లు ఆయనవని, ఆ బండి తిరుగుతున్నదే ఆయన వేళ్ళు పేర్చిన డిఫరెన్షియల్ మీదని నేను చెప్పాలి. ఒక్క మాట. చెప్పలేదు. బండిని ఇంకో చుట్టు తిప్పి చూపించాను వాళ్ళకు.

అప్పుడు అన్నయ్య, "ఏదీ, నాకియ్యి ఒకసారి" అన్నాడు.

ఆ రిమోట్ తుపాకీలా ఉంటుంది. ఎడమచేత్తో పిడి పట్టుకుని చూపుడు వేలితో మీట నొక్కాలి, కుడిచేత్తో పక్కనున్న చిన్న స్టీరింగు చక్రం తిప్పాలి. ఆయన వేళ్ళను పిడి చుట్టూ నేనే సర్ది పెట్టాను. బండి నెమ్మదిగా కదిలింది. గోతాల కుప్ప చుట్టూ ఆయన దాన్ని వెడల్పుగా, తొణక్కుండా తిప్పుకొచ్చాడు. నాలాగా వంకర్లు పోనివ్వలేదు. డ్రైవర్లు నవ్వుతున్నారు. అన్నయ్య నవ్వలేదు. నోరు కాస్త తెరుచుకుని, కళ్ళు బండి మీదే పెట్టుకుని ఉన్నాడు. జబ్బు చేశాక ఆయన ముఖం అట్లా ఉండగా నేను చూడలేదు.

తిన్నగా ఉన్న చోట కొంచెం గట్టిగా నొక్కాడు. వేలు ముడుచుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు. బండి పూర్తి వేగంతో ఎదురుగా ఉన్న అరుగును గుద్దుకుని, గాల్లోకి లేచి తలకిందులుగా పడింది. పడ్డాక కూడా చక్రాలు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి, ఆయన వేలు మీట మీద నుంచి రాలేదు కాబట్టి. నేను పరిగెత్తుకొచ్చి ఆ వేలిని లాగి, రిమోట్ లాక్కున్నాను.

"చేతకానప్పుడు ఎందుకు అన్నయ్యా అడగటం?" అన్నాను.

గట్టిగానే అన్నాను. డ్రైవర్లలో ఒకాయన వెళ్ళి బండి తీసుకొచ్చి అరుగు మీద పెట్టాడు. రెండో ఆయన లారీ వైపు తిరిగి నిలబడ్డాడు. అన్నయ్య తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

విరిగింది ముందు చక్రాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ముక్క. వేలెడంత ఉంటుంది. ఆర్డరు పెడితే వారంలో ఇంటికొచ్చింది.

ఆ రోజు ఇంటికి చేరాక వదిన, "ఎట్టా పోయింది బండి?" అని అడిగితే, "బాగా పోయింది" అన్నాడు. అంతే చెప్పాడు. వదినకు అసలు సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది, అదీ నేను చెబితేనే.

కొత్త ముక్క తీసుకెళ్తే, "నువ్వే బిగించు. నాకు కళ్ళు ఆనటం లేదు" అన్నాడు. కళ్ళకేం కాలేదు. గోడ మీది క్యాలెండర్లో చిన్నక్షరాలు మంచం మీద నుంచే చదివేవాడు. పళ్ళెం వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఫిజియోథెరపీ అమ్మాయి వస్తే, ఇవాళ ఒంట్లో బాగాలేదని ఒకసారి, నిద్రొస్తుందని ఒకసారి పంపించేసేవాడు. కొన్నాళ్ళకు ఆ అమ్మాయి రావడం మానేసింది. ఏడాది నిండడానికి అప్పటికి ఇంకా ఐదారు నెలలు ఉంది. కూర్చోబెట్టి బతిమాలవలసిన కాలం అది. నేను పదో తరగతి పరీక్షల్లో పడిపోయాను. పడిపోయానని చెప్పుకున్నాను గాని, ఆయన ఎదురుగా కూర్చోవాలంటే నాకు ముఖం చెల్లలేదు.

వేసవి సెలవుల్లో బండిని శుభ్రం చేద్దామని పుస్తకం మళ్ళీ తీశాను. చివరి పేజీల్లో రిమోట్ గురించి ఉంది. ముందు ఎన్నడూ ఆ పేజీలు తిరగెయ్యలేదు. రిమోట్ మీద, స్టీరింగు చక్రానికి కాస్త పైన, తిప్పే చిన్న బిళ్ళ ఉంది. దాన్ని తగ్గించి పెడితే మీట ఎంత గట్టిగా నొక్కినా బండి మనిషి నడిచినంత వేగం మించదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టారు. వరండాలో పెట్టి చూశాను. మీట పూర్తిగా నొక్కి పట్టుకున్నాను. బండి మెల్లగా వెళ్ళి చెప్పుల స్టాండుకు తగిలి ఆగింది. దేనికీ ఏమీ కాలేదు.

ఆ మాట అన్నయ్యకు చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం వరండాలో వేరుశనక్కాయలు ఒలుస్తున్నాం. ఆయన ఒక్క కుడిచేత్తోనే, కాయను గచ్చుకు నొక్కి పగలగొట్టడం అలవాటు చేసుకున్నాడు.

"అన్నయ్యా, ఆ రోజు యార్డులో నేనన్న మాట..." అన్నాను.

ఏ మాట అని అడగలేదు. "నువ్వన్నది అబద్ధమేం కాదుగా. చేతకాలేదు" అన్నాడు.

"చేతకాకపోవటం కాదు. ఆ రిమోట్‌లో స్పీడు తగ్గించేది ఉంది. నేను చూసుకోలేదు. తప్పు నాది."

ఆయన చేతిలో కాయ చేతిలోనే ఉంది. "అట్టనా. లారీలక్కూడా పెడతన్నారుగా ఇప్పుడు" అన్నాడు.

"ఇంకోటి తెప్పిస్తా. మొదటి నుంచి అంతా నువ్వే బిగించు. ఏడాది పట్టనియ్, రెండేళ్ళు పట్టనియ్. నేను చెయ్యి పెట్టను."

"ఇప్పుడా ఓపిక లేదమ్మాయ్" అన్నాడు. కోపంగా అనలేదు. "అప్పుడుంది."

వదిన అన్నానికి పిలిచింది. లేచి వెళ్ళాం.

ఇప్పుడు అన్నయ్య పగటిపూట ఒక లారీ ఆఫీసులో కూర్చుంటాడు. ఫోన్లు ఎత్తుతాడు, ఏ బండి ఎక్కడుందో డ్రైవర్లను కనుక్కుని రాసిపెడతాడు. ఎడమ చెయ్యి అట్లాగే ఉంది. చొక్కా గుండీలు వదిన పెడుతుంది. నాతో మామూలుగానే మాట్లాడతాడు, జోకులు వేస్తాడు. ఎవరన్నా చూస్తే అన్నాచెల్లెళ్ళు ఎంత బాగున్నారో అనుకుంటారు. బాగానే ఉన్నాం. కానీ నా చేతిలో ఏ వస్తువు ఉన్నా, ఇటియ్యి అని ఆయన ఎన్నడూ అడగడు.

పోయిన నెల మా స్కూల్లో తెలుగు చెప్పే టీచరు స్టాఫ్ రూములో నా పక్కన కూర్చుని, తన తండ్రికి పక్షవాతం వచ్చిందని, చెయ్యి లేవడం లేదని చెప్పింది. ఆయన కుట్టుమిషన్లు బాగు చేసేవాడట. ఎవరి ద్వారానో మా బండి సంగతి విన్నదట.

"అట్టాంటిది కొంటే పని చేస్తదా అక్కా?" అని అడిగింది.

"చేస్తది. మా అన్నయ్యకు చేసింది" అన్నాను. "కానీ మీ నాన్న ముందు పెట్టి నువ్వు లేచి అవతలికి పో. ఒక స్క్రూ బిగించటానికి పూట పట్టినా సరే, నువ్వు ముట్టుకోవద్దు."

"అట్నే అక్కా. కానీ ఆయన అవస్థ పడతంటే చూస్తూ ఉండలేనేమో" అంది.

నేనూ ఒకప్పుడు నాకు నేను అదే చెప్పుకున్నాను. బెల్లు కొట్టారు. ఆమె తొమ్మిదో తరగతికి వెళ్ళింది, నేను పదికి వెళ్ళాను.